కుట్టేసిన జేబు

బయట కారు రెండుసార్లు పొట్టిగా హారన్ కొట్టింది. పెద్దులు తల తిప్పి చూడలేదు.

"రెండు కరక్, ఒకటి షక్కర్ తక్కువ, జిలాని భాయ్!" అని కిటికీలోకి కేకేసి ట్రే తుడుచుకున్నాడు.

ఆ హారన్ పిల్లల్ని ఘుబ్రా స్కూలుకు తీసుకెళ్లే తెల్ల కారుది. దాని వెనక సాగదీసినట్టు వినిపించేది నీళ్ల ట్యాంకర్ ముసలాయనది. ఆయనకు చక్కెర అసలు పడదు. ఒక్కసారి గట్టిగా కొట్టి ఊరుకుంటే ఆస్పత్రి నర్సమ్మల వ్యాను, నాలుగు పరాటాలు. మస్కట్‌లో కారు దిగి చాయ్ తాగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. షాపు ముందు ఆపి హారన్ కొడతారు, లోపలి నుంచి ఒక మనిషి పరుగెత్తుకు రావాలి. బౌషర్ రోడ్డు పక్కనున్న ఈ చాయ్ షాపులో ఆ మనిషి పదకొండేళ్లుగా పెద్దులే. రెండేళ్ల కిందట భూమేశ్ తోడయ్యాడు. ఇద్దరిదీ జగిత్యాల వైపే కాబట్టి భూమేశ్ అతన్ని కాకా అంటాడు.

జిలాని కిటికీలోంచి రెండు కాగితం కప్పుల కరక్, చిక్కగా మరిగిన పాల చాయ్, తోశాడు. కడప నుంచి వచ్చిన జిలాని ఈ షాపుకు చాయ్ మాస్టరు. పొయ్యి దగ్గర తొమ్మిదేళ్లుగా నిలబడుతున్నాడు. అతని చాయ్ పెదవికి అంటుకుంటుందని జనం చెప్పుకుంటారు.

పెద్దులు ట్రే ఎత్తి ఎండలోకి పరుగుపెట్టాడు. తెల్ల కారు అద్దం చెయ్యి పట్టేంత దిగింది. అందులోంచి అర రియాల్ నోటు వచ్చింది, కప్పులు లోపలికి వెళ్లాయి.

"ఖల్లీ," అంది లోపలి గొంతు. ఉంచుకో అని. అద్దం పైకి లేచింది, కారు కదిలింది.

అంతే వ్యవహారం. రియాల్‌కు వెయ్యి బైసలు. చాయ్ నూట యాభై, రెండింటికి మూడువందలు. మిగిలిన రెండువందలు పెద్దులువి. ఆ ఖల్లీ అనే మాట రోజుకు ఎన్నిసార్లు వింటాడో అతనికే తెలియదు. వినని రోజులూ ఉన్నాయి, వాటి సంగతి ఎవరూ అడగరు.

ఆ ఆదివారం పది గంటలకు, కార్ల జోరు తగ్గాక, మేనేజర్ రఘుపతి నలుగురినీ కౌంటర్ దగ్గరకు పిలిచాడు. పెద్దులు, భూమేశ్, జిలాని, గిన్నెలు కడిగే పెంచలయ్య. రఘుపతిది రాజమండ్రి. మూడు నెలల కిందటే వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చెవి వెనక పెన్ను. మనిషి చెడ్డవాడు కాదు కానీ, కాగితం మీద కుదిరింది నేల మీద కూడా కుదురుతుందని గట్టి నమ్మకం. అలాంటివాళ్లతో చెడ్డవాళ్ల కంటే ఎక్కువ అవస్థ.

"ఇది కొత్త కాంట్రాక్టు," అన్నాడు కాగితాలు పరిచి. "పెద్దులు, భూమేశ్, మీ ఇద్దరికీ జీతం నూట పది రియాళ్ల నుంచి అరవైకి. కంగారు పడకండి, పూర్తిగా వినండి. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలో కూడా చాలా చోట్ల బక్షీస్ వచ్చేవాళ్లకి కంపెనీ తక్కువిస్తుంది, మిగతాది కస్టమరు ఇస్తాడు. ఇకనుంచి బక్షీసంతా ఈ డబ్బాలో పడాలి. నెలాఖరుకి నేను లెక్కేసి నలుగురికీ పంచుతాను. జిలాని, పెంచలయ్య, మీ జీతం మారదు. పైన వాటా కూడా వస్తుంది."

కౌంటర్ మీద కొత్త గాజు డబ్బా మెరుస్తోంది. మూతకు సన్నటి చీలిక, తాళం.

పెద్దులు ఆ తాళం వైపు చూశాడు. "డబ్బాల పడకపోతే ఎట్ల సార్?"

"పడకపోవడం ఏంటయ్యా? పదకొండేళ్లుగా వస్తున్నాయిగా!"

"అస్తయ్ సార్, కని అది ఆళ్ల ఇష్టం. రంజాన్ల పొద్దంత షాపే బంద్. ఎండకాలం సగం మంది సల్లగుంటదని సలాలా పోతరు. ఆళ్లు పోయిన నెల నా జీతం ఎవరిస్తరు? ట్యాంకర్ ముసలాయన ఇస్తడా?"

"అన్నీ యావరేజ్ చూసే రాశాం. ఇక్కడివాళ్లకైతే సర్కారు ఇంతకు తక్కువ ఇవ్వకూడదని గీత గీసింది. మన బోటి వాళ్లకి కాగితం మీద రాసుకున్నదే లెక్క." రఘుపతి కాగితాలు సర్దాడు. "గురువారం ఓనరు మేడమ్ వస్తారు. ఆవిడ ముందు సంతకాలు. పెద్దులూ, నీ వీసా ఈ నెలతో అయిపోతోంది. సంతకం లేకపోతే రెన్యువల్ లేదు, ఇంటికి టికెట్టే. నీ మంచికే చెప్తున్నా."

మధ్యాహ్నం షాపు మూసి, వెనక గదిలో నలుగురూ అన్నం ముందు కూర్చున్నారు. పెంచలయ్య వండిన గోంగూర పప్పు. మామూలుగా అయితే పప్పు గురించి ఒక తగాదా ఉంటుంది. ఆ రోజు భూమేశ్ ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు.

"గింత అన్యాలమా కాకా! ఉరికేది మనం, అరవైకి సంతకం వెట్టుడా?"

జిలాని తల వంచి తింటున్నాడు. పెద్దులు అతని వైపు చూశాడు. "నువ్వేమంటవ్ భాయ్?"

"నేనేమంటా? నాకు బాగనే ఉండాది," అన్నాడు జిలాని. "తొమ్మిదేండ్లాయె నేను ఈ పొయ్యి కాడ ఉడుకుతాండా. చాయ్ నాది, ఖల్లీ మీది. ఒక్క దినమన్నా ఇదిగో జిలానీ, నీ చాయ్ బాగుందని ఇచ్చినారప్పా అని ఒక బిళ్ల నా చేతిలో పెట్టినారా? ఇప్పుడు వాటా వస్తాదంటే నేను యాల వద్దంటా?"

"మా జీతం కోసి నీకు వాటా ఇస్తున్నరు భాయ్. కంపెనీ జేబుకెల్లి ఒక్క బైసా పోతలేదు."

"కోసేది మీ మేనేజరు, నేను కాదు. మీరు పంచింటే ఈ డబ్బా వచ్చేదే కాదు."

పెంచలయ్య ఎవరి వైపూ చూడకుండా తల ఊపాడు. అతనికి ఆ మాట ఎప్పటినుంచో గొంతులో ఉంది కాబోలు. భూమేశ్ ఏదో అనబోయాడు కానీ పెద్దులు మోచేత్తో పొడిచాడు. జిలాని మాట అతనికి ముల్లులా దిగింది. కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో తేలలేదు. అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున డబ్బా పని మొదలైంది. వచ్చిన ప్రతి బక్షీసూ తెచ్చి చీలికలో వెయ్యాలి. ఏడున్నరకు కార్లు రెండు వరసలయ్యాయి. ఆ రోజు మొదటి ఖల్లీ తెల్ల కారుది, ఇచ్చినవి వంద నోట్లు అయిదు. పెద్దులు మిగిలిన రెండువందలు పట్టుకుని తిరిగాడో లేదో ట్యాంకర్ సాగదీసింది, దాని వెనక నర్సమ్మల వ్యాను మోగింది. చేతులు ఖాళీ చేసుకుంటే తప్ప ట్రే పట్టలేడు. పదకొండేళ్లుగా ఆ చెయ్యి ఎటు పోతుందో అటే పోయింది, చొక్కా జేబులోకి. పెద్దులు ఆ సంగతి గమనించను కూడా లేదు.

రఘుపతి గమనించాడు.

"పెద్దులూ! జేబు తియ్."

ట్రే మీద పరాటాలు పొగలు కక్కుతున్నాయి. వ్యానులో నర్సమ్మలు చూస్తున్నారు. పెద్దులు నాలుక కరుచుకున్నాడు. "యాది మరిచిన సార్, డబ్బాల ఏస్త."

"మర్చిపోయావో ఏం చేశావో తర్వాత చూద్దాం. అన్ని జేబులూ తియ్."

నలభై ఆరేళ్ల మనిషి రోడ్డు మీద నిలబడి జేబులు బయటికి తిప్పాడు. చొక్కా జేబులోంచి తెల్ల కారు ఇచ్చిన వంద నోట్లు రెండు. ప్యాంటు జేబులోంచి చేతిరుమాలు, తాళం చెవి, వంద బైసల నోట్లు మూడు. ఆ మూడు నోట్లు సాయంత్రం రూవి బజారుకు పోవడానికి బస్సు కోసం గదిలోంచి తెచ్చుకున్నవి.

"అవి నావి సార్. బస్సు పైసలు."

"నోటు మీద పేరుందా?" అన్నాడు రఘుపతి. అయిదు నోట్లూ తీసుకుని డబ్బాలో వేశాడు. "మొదటిసారి కాబట్టి వదిలేస్తున్నా."

వదిలేశాడు! పెద్దులుకు మొహం మండింది. దొంగ అన్న మాట ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం ఏముంది? వ్యానులో వెనక సీటు నర్సమ్మ చూపు తిప్పేసుకుంది. ఆమె నవ్వినా ఇంత బాధ కలిగేది కాదు. అతను పరాటాలు అందించి, డబ్బులు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, మళ్లీ ట్రే ఎత్తాడు. ఆ పూట అతను గానీ భూమేశ్ గానీ ఇంకెవరి బక్షీసూ పుచ్చుకోలేదు.

పదకొండింటికి రఘుపతి గోడ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాడు. బిల్లు కంటే ఒక్క బైసా ఎక్కువ ఎవరి జేబులో కనపడినా మూడు రోజుల జీతం కోత. కస్టమర్లే వచ్చి డబ్బాలో వెయ్యాలి, స్టాఫ్ చేత్తో తాకరాదు. కింద తేదీ, సంతకం, షాపు ముద్ర. ముద్ర కొంచెం వంకరగా పడింది.

ఆ మధ్యాహ్నం పెద్దులు పెంచలయ్య పెట్టెలోంచి సూదీ దారం అడిగి తీసుకున్నాడు. యూనిఫాం చొక్కా కాఫీ రంగుది, పెంచలయ్య దగ్గరున్నది తెల్ల దారం. అయితేనేం! చొక్కా జేబు నోరు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కుట్టాడు. ప్యాంటు విప్పి లుంగీ చుట్టుకుని దాని రెండు జేబులూ కుట్టాడు. కుట్టు కుట్టుకూ దారం గట్టిగా లాగాడు. భూమేశ్ కాసేపు చూసి, తన చొక్కా కూడా విప్పి పక్కన పెట్టాడు.

"ఏమప్పా ఇది?" అన్నాడు జిలాని గుమ్మంలో నిలబడి.

"గోడ మీద రాసిండు గదా భాయ్. ఇగ నా జేబు ఎవడు తీస్తడో తియ్యనీ."

మంగళవారం తెల్ల కారు వచ్చింది. అర రియాల్ నోటు బయటికి వచ్చింది, ఖల్లీ అన్న మాట వచ్చింది, అద్దం లేవబోయింది. పెద్దులు అద్దం మీద వేళ్లు ఆనించాడు.

"మమ్నూ," అన్నాడు. కూడదు, నిషేధం. "ఆగండి సార్, చిల్లర తెస్త."

లోపలి ఆయనకు అర్థం కాలేదు. పెద్దులు తన చొక్కా జేబు చూపించాడు. తెల్ల దారం కుట్టు చూసి ఆయన కళ్లు పెద్దవి చేశాడు. పెద్దులు కౌంటర్ దాకా పరుగెత్తి, రెండువందలు పట్టుకుని మళ్లీ కారు దాకా పరుగెత్తి, ఆయన చేతిలో పెట్టాడు. ఒక పరుగుతో అయ్యే పని ఇప్పుడు రెండు పరుగులు. ఈలోపు వెనక మూడు హారన్లు.

ట్యాంకర్ ముసలాయనకైతే చాలా కోపం వచ్చింది. ఇచ్చింది వెనక్కిస్తావా అని అరబ్బీలో కేకలేశాడు. పెద్దులు డబ్బా వైపు చూపించి, ఇవ్వాలంటే అక్కడికి పోయి వెయ్యాలట అన్నాడు. ముసలాయన ఇన్నేళ్లలో మొదటిసారి ట్యాంకర్ దిగాడు. పొడుగు అంగీ దిష్‌దాషాను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, నెమ్మదిగా నడిచి కౌంటర్ దగ్గరకు వచ్చి, డబ్బాను అటూ ఇటూ చూశాడు.

"ఇది ఎవరిది?"

"కంపెనీది," అన్నాడు రఘుపతి చిరునవ్వుతో.

"కంపెనీకి నేనెందుకిస్తాను?" అన్నాడు ముసలాయన. చిల్లర దిష్‌దాషా జేబులో వేసుకుని వెళ్లి ట్యాంకర్ ఎక్కాడు.

ఆ మాట షాపు మొత్తానికి వినపడింది. కిటికీలో జిలాని చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది.

అసలు చిక్కు పది గంటలకు బయటపడింది. కౌంటర్ సొరుగులో చిల్లర అయిపోయింది. ఏళ్ల తరబడి ఆ షాపులో చిల్లర ఇచ్చే పనే లేదు. నోటు వచ్చేది, ఖల్లీ అనేవారు, ఎప్పుడైనా చిల్లర కావలిస్తే పెద్దులు జేబులోంచో భూమేశ్ జేబులోంచో సర్దుబాటయ్యేది. షాపు నడిచింది ఆ రెండు జేబుల మీదే అని ఎవరికీ, పెద్దులుకు కూడా, ఆనాటి వరకు తోచలేదు. కార్డు మిషను ఉంది కానీ తీగతో కౌంటర్‌కు కట్టేసి ఉంది, కారు దాకా రాదు. రఘుపతి పక్క లాండ్రీలో అడిగాడు, ఎదురు కిరాణాలో అడిగాడు. సాయంత్రానికి వాళ్లు ఇతను రోడ్డు దాటుతుంటేనే చేతులు అడ్డంగా ఊపడం మొదలుపెట్టారు.

"వాళ్లు వద్దంటే తీసుకొచ్చి డబ్బాలో వెయ్యలేవా?" అని విసుక్కున్నాడు రఘుపతి.

"చేత్తోని తాకొద్దని మీరే రాసిండ్రు గద సార్," అన్నాడు పెద్దులు ఎంతో వినయంగా. గొంతులో వెటకారం లేదు. లోపల మాత్రం, అబద్ధమెందుకు, పండగలా ఉంది.

రఘుపతికి ఆ కాగితం పీకేస్తే సరిపోయేది. కానీ తన సంతకం తను పీకేసుకోవడం ఆయనకు చేతకాలేదు.

బుధవారం పొద్దున్నే ఆయన చిల్లర కోసం రూవి బయల్దేరాడు. కౌంటర్ మీద పెంచలయ్యను కూర్చోబెట్టాడు. ఏడున్నరకు కార్లు మూడు వరసలయ్యాయి. పెద్దులు చాయ్ ఇస్తాడు, నోటు తీసుకుంటాడు, చిల్లర దారిలో ఉంది ఆగండి అంటాడు. ముందు కారు ఆగితే వెనక కారు కదలలేదు. హారన్లన్నీ కలిసిపోయి ఏది ఎవరిదో పెద్దులుకే తెలియని పరిస్థితి వచ్చింది. తొమ్మిదింటికి రఘుపతి రెండు సంచుల బిళ్లలతో దిగేసరికి సగం కార్లు విసిగి వెళ్లిపోయాయి.

"ఇటివ్వండి, ట్రే నేను పడతా!" అన్నాడు ఆయన.

పట్టాడు. ఆరు కప్పులు, ఆరు కార్లు. నీళ్ల ట్యాంకర్‌కు చక్కెర చాయ్ ఇచ్చాడు. చక్కెర లేనిది స్కూలు పిల్లవాడి చేతికిచ్చాడు, వాడు గుక్క తాగి ఉమ్మేశాడు. మూడో కారు తలుపు తెరుచుకుంటుందని చూసుకోలేదు. తెల్ల చొక్కా మీద పైనుంచి కింద దాకా కరక్ కారింది. తారు మీద ఎండ బూట్ల అడుగు నుంచి పైకి కొడుతోంది. ఆయన ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. పెద్దులు వెళ్లి ట్రే అందుకుని, భుజం మీది తుడుపుగుడ్డ ఆయన చేతిలో పెట్టాడు.

జిలాని వంటింటి తలుపు తీసి బయటకు వచ్చాడు. తొమ్మిదేళ్లలో డ్యూటీ టైములో అతను షాపు ముందుకు రావడం అదే మొదలు. కళ్లు చికిలించి ఆ కార్ల వరసను, ఆ ఎండను, భూమేశ్ చెమటను చూశాడు. మళ్లీ లోపలికి వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అతనే నోరు విప్పాడు. "పెద్దులన్నా. నేనే పొయ్యి కాడ ఉడుకుతాండా అనుకుంటి. నువ్వు బయట వేగుతాండావు."

పెద్దులు ఆదివారం నుంచి మింగలేక కక్కలేక తిరుగుతున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "లేదు భాయ్. తప్పు నాది. నీ చాయ్ మంచిగున్నదని ఇచ్చిండ్రు గని నా మొకం జూసి ఇచ్చిండ్రా? పెంచలయ్య కడిగిన గిన్నె గలీజుగుంటే ఒక్కడన్న రెండోసారి అస్తుండెనా? పదకొండేండ్లు నేనొక్కన్నే జేబుల ఏసుకున్న. ఒక్కనాడు నాకు సోయి రాలే."

పెంచలయ్య గిన్నె దించాడు. 

"బక్షీస్ నాలుగు పాళ్లు జేద్దాం," అన్నాడు పెద్దులు. "పాల పొడి డబ్బాల ఏద్దాం, తాళం గీళం వద్దు. మనమే పంచుకుందాం. కని జీతం జీతమే. పనికి జీతం కంపెనీ ఇయ్యాలె. బక్షీస్ జూపెట్టి జీతం కోస్తమంటే మాత్రం నేను సంతకం వెట్ట. టికెట్టు గొడితే కొట్టనీ."

 టికెట్టంటే ఉద్యోగం పోయి ఊరికి పోవడమని అతనికి తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. జిలాని పప్పు గిన్నె అతని వైపు జరిపాడు.

గురువారం తొమ్మిదింటికి ఒక బూడిద రంగు కారు వచ్చి ఆగింది. హారన్ పెద్దులుకు తెలియనిది. అతను పరుగెత్తాడు. అద్దం దిగింది. లోపల ఉమైమా.

షాపు ఆమె తండ్రిది. ఆయన పోయాక రెండేళ్లుగా ఆమె చూసుకుంటోంది. బౌషర్‌లోనే ఒక ఆఫీసులో ఉద్యోగం. హిందీ బాగా మాట్లాడుతుంది. మామూలుగా వెనక తలుపు నుంచి వచ్చి లెక్కలు చూసుకుని పోయే మనిషి. ఈసారి తమ్ముడి కారులో వచ్చింది, షాపు ముందు వైపే ఆపింది.

"రెండు కరక్," అంది. చాయ్ వచ్చాక ఒక రియాల్ నోటు ఇచ్చింది. "ఖల్లీ."

"మమ్నూ మేడమ్," అన్నాడు పెద్దులు.

"పెద్దులూ, నేను ఉమైమాను."

"తెల్సు మేడమ్. మీక్కూడ మమ్నూనే."

అతను చిల్లరకు వెళ్లాడు. ఆమె అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. దారిలో భూమేశ్ రెండు కార్లకు చిల్లర పట్టుకుని అడ్డం వచ్చాడు. వెనక వ్యాను ఆగలేక వెళ్లిపోయింది. ట్యాంకర్ ముసలాయన చక్కెర లేని చాయ్ కోసం సాగదీస్తూనే ఉన్నాడు. పెద్దులు ఏడువందలు తెచ్చి లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చూపు చొక్కా జేబు మీద ఆగింది.

"ఇదేమిటి? ఎందుకు కుట్టావు?"

పెద్దులు చెప్పాడు. హిందీలో, అక్కడక్కడా అరబ్బీలో, దొరకనప్పుడు చేతులతో. జేబులు తీయించిన రోజు దగ్గర ప్యాంటు జేబుల కుట్లు కూడా చూపించాడు. ఆమె కారు దిగింది.

రఘుపతి బయట బల్ల వేసి కాగితాలు, పెన్ను సిద్ధంగా పెట్టాడు. ఉమైమా కూర్చోలేదు. "డబ్బా తెరవండి," అంది.

తాళం తీశారు. ఒక యాభై బైసల బిళ్ల అయినా లేదు. వంద బైసల నోట్లు అయిదు ఉన్నాయి, అంతే.

"నాలుగు రోజులకు ఇదేనా?"

రఘుపతి తల దించుకున్నాడు. పెంచలయ్య, ఎప్పుడూ నోరెత్తని మనిషి, గుమ్మంలోంచి వచ్చీరాని హిందీలో చెప్పాడు. "అవి కూడా పెద్దులన్న జేబులోంచి లాక్కున్నవే మేడమ్. మూడు ఆయన సొంతం, బస్సు డబ్బులు."

ఉమైమా ఆ నోట్లను, రఘుపతిని మార్చి మార్చి చూసింది. "నలుగురూ ఒప్పుకున్నారని చెప్పారు నాకు."

"ఒప్పుకుంటారనుకున్నాను మేడమ్. జిలాని అయితే ఒప్పుకున్నట్టే. అతనికి లాభమేగా. జిలానీ, రావయ్యా, ముందు నువ్వు సంతకం చెయ్యి."

జిలాని చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. పెన్ను తీసుకున్నాడు. పెద్దులు ఆ పెన్నునే చూశాడు. నిన్న అన్నం దగ్గర మాట వేరు, ఇవాళ మేడమ్ ముందు మాట వేరు కావచ్చు. తొమ్మిదేళ్ల బాకీ ఎవరు మాత్రం ఊరికే మర్చిపోతారు?

జిలాని పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నీకు వాటా వస్తుంది కదా. ఎందుకు వద్దు?" అని అడిగింది ఉమైమా.

"వాళ్ల జీతం కోసి నాకు పెడితే అది నాకు ఎట్ల అరుగుతాది మేడమ్?" అని తెలుగులోనే అనేసి, నాలుక కరుచుకుని హిందీలో మళ్లీ చెప్పాడు. "నాకు నా జీతం చాలు. బక్షీస్ మేం నలుగురం పంచుకుంటాం. మాట అయిపోయింది."

ఆ క్షణాన పెద్దులుకు వీసా గుర్తుకు రాలేదు, టికెట్టు గుర్తుకు రాలేదు. జిలాని భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేశాడు కూడా. తర్వాత ఉమైమా వైపు తిరిగాడు.

"మేడమ్, మీ నాయిన ఉన్నప్పుడు కాయిదం మీద ఒక్కటే లెక్క ఉండె. పని చేసినందుకు జీతం, అది మీరిస్తరు. బక్షీస్ ఆళ్ల సంబురం. ఒకనాడు సంబురముంటది, ఒకనాడు ఉండది. ఆళ్ల సంబురం దెచ్చి నా జీతమని లెక్కగట్టకుండ్రి. పదకొండేండ్లల్ల ఒక్కసారే పెరిగింది, ఇప్పుడు తగ్గించకుండ్రి. గంతే."

రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఉమైమా ఆ వైపు చూసింది. "నాన్న కూడా ఇక్కడ కారులో కూర్చునే చాయ్ తాగేవాడు," అంది. "తన షాపు అయినా బక్షీస్ ఇచ్చేవాడు."

"ప్రతిసారి మేడమ్. ఖల్లీ అనకుంట పోలే," అన్నాడు పెద్దులు.

ఆమె పెన్ను తీసి అరవై మీద గీత కొట్టింది. పక్కన నూట ఇరవై వేసింది. భూమేశ్ కాగితం మీదా అంతే చేసి, తక్కిన రెండింటి మీదా ఉన్నదానికి పది కలిపింది. బక్షీస్ అన్న పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది. "బక్షీస్‌తో కంపెనీకి సంబంధం లేదని రాసి కొత్తవి ప్రింటు తీయండి. ఇప్పుడే. ఆ గోడ మీది కాగితం కూడా తీసేయండి," అంది రఘుపతితో.

రఘుపతి ముందు గోడ మీది కాగితం పీకాడు. అతికించినంత కష్టమేమీ కాలేదు. ప్రింటర్ నాలుగు కాగితాలు కక్కింది. ఆయన డబ్బాలోంచి అయిదు నోట్లు తీసి పెద్దులు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు... రోడ్డు మీద అలా చేసుండకూడదు," అన్నాడు మెల్లగా.

"మూడే నావి సార్," అన్నాడు పెద్దులు. మూడు తీసుకున్నాడు. రెండు పాల పొడి డబ్బాలో పడ్డాయి, నలుగురి డబ్బాలో మొదటి బక్షీస్. గాజు డబ్బాను జిలాని ఎత్తుకుపోయాడు. యాలకులు పోసుకోవడానికి అలాంటిది ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాడట.

పెద్దులు నూట ఇరవై అన్న అంకె మీద వేలు పెట్టి చూసుకుని, తెలుగులో పూర్తి పేరు సంతకం చేశాడు. తన కాపీ నాలుగు మడతలు పెట్టాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆగిపోయాడు.

"ఉండప్పా," అన్నాడు జిలాని. ఉల్లిగడ్డలు కోసే చిన్న కత్తి తెచ్చి, చొక్కా పట్టుకుని, తెల్ల దారం ఒక్కో కుట్టే తెంపాడు. జేబు నోరు తెరుచుకుంది. పెద్దులు కాగితం అందులో పెట్టి, పైనుంచి ఒకసారి చేత్తో తట్టి చూసుకున్నాడు.

బయట ట్యాంకర్ హారన్ సాగింది. పెద్దులు తల తిప్పలేదు.

"ఒకటి, షక్కర్ లేకుంట!" అని కేకేసి ట్రే అందుకున్నాడు.